చూరు నీళ్లు పడే చోట

రిటైరైన మనిషి నోరు తెరిస్తే ఎదుటివాళ్లు తమ చెప్పులెక్కడ విడిచారో చూసుకుంటారు. ఆ సంగతి నాకు తెలుసు, నేనూ చాలామంది పెద్దల దగ్గర అదే పని చేశాను. కాబట్టి కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీకు నా సర్వీసంతా చెప్పను. ఒక్క పెట్టె గురించి చెప్తాను, విని మీ పని మీరు చూసుకోండి.

మాది బొగ్గుబాయి కుటుంబం. మా నాన్న ఇల్లెందులో భూమి లోపలికి దిగి మమ్మల్ని సాకాడు. నేను పైకి పంపేవాటి మీద బతికాను. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో నా ఉద్యోగం. అక్కడ పెద్ద బెలూన్లు ఎగరేస్తారు. పుట్టినరోజులకు ఊదే బుడగలు కావవి. ఉల్లిపొర లాంటి ప్లాస్టిక్, పైకి పోయేకొద్దీ ఉబ్బి ఉబ్బి ఆటస్థలమంత అవుతుంది. విమానాలు తిరిగే ఎత్తుకు మూడింతల పైన, పట్టపగలే ఆకాశం నల్లగా ఉండే చోట తేలుతుంది. దాని కింద వేలాడే పెట్టెలో శాస్త్రవేత్తల పరికరాలుంటాయి. పని అయ్యాక కింద నుంచి రేడియోలో ఆజ్ఞ ఇస్తే తాడు తెగి, పెట్టె పారాచూట్‌తో దిగుతుంది. అది దిగిన చోటికి జీపులో పోయి పట్టుకొచ్చేవాళ్లలో నేనొకణ్ణి. ఏం పని చేస్తున్నవురా అని నాన్న అడిగితే, పైనుంచి పడ్డవి ఏరుకొస్తున్నానని చెప్పాను. ఇందుకేనా చదివించింది అన్నాడాయన.

పెట్టె మీద నాలుగు భాషల్లో కాగితం అంటించేవాళ్లం. ఇందులో ప్రమాదకరమైనదేమీ లేదు, దీన్ని ముట్టుకోకండి, దగ్గరి పోలీసు ఠాణాలో తెలియజేయండి అని. ప్రమాదం లేకపోతే ముట్టుకోవద్దనడం ఎందుకని ఒక ఊళ్లో ఒక ముసలమ్మ నిలదీసింది. ఇంకో ఊళ్లో పారాచూట్ గుడ్డ పెళ్లిపందిరి అయింది, మేం పోయి పెళ్లి భోజనం చేసి, పందిరి విప్పుకొని వచ్చాం. అన్నీ గిట్లాంటి నవ్వులాట జ్ఞాపకాలే. నేను చెప్పబోయేది మాత్రం వేరు.

ఆ ఏడాది ఎగరేసిన పెట్టె ఒక శాస్త్రవేత్త మేడమ్‌ది. నలభై దాటిన మనిషి, పెద్దగా మాట్లాడేది కాదు. ఎప్పుడూ తలకు టోపీ, చేతులకు తొడుగులు. మేం తుమ్మితే అటు తిరిగి తుమ్మమనేది. ఆమె వెతికేది ధూళి. అంతరిక్షం నుంచి భూమ్మీదికి రాలే ధూళి. కింద దొరికితే అది ఎక్కడిదో చెప్పలేరట, అందుకని పైనే పట్టుకోవాలి. పెట్టెలో రెండు స్టీలు గిన్నెలు, ఒక్కో గిన్నె అడుగున జిగట నూనె పూసిన పళ్లెం. పైకి పోయాక మూతలు తెరుచుకోవాలి, దిగేముందు మూసుకోవాలి. చెప్పడానికి ఇంతే. దాన్ని తయారు చేయడానికి ఆమెకు పదేళ్లకు పైగా పట్టింది. రెండుసార్లు బెలూన్ మధ్యలోనే చిరిగి పెట్టె ముక్కలైంది. ఇది మూడోది, ఇదే ఆఖరిదని పైవాళ్లు ముందే చెప్పేశారు.

మార్చి ఆఖర్లో ఎగరేశాం. పైకి చక్కగా పోయింది. మూతలు తెరిచే ఆజ్ఞ ఇచ్చాక సిగ్నల్ వస్తూ పోతూ సతాయించింది. మూసే ఆజ్ఞ కూడా ఇచ్చాం. సిగ్నల్ కుదురుగా వచ్చేసరికి మొదటి గిన్నె మూసి ఉందని, రెండోది తెరిచే ఉందని తెర మీద కనిపించింది. ఒకటి పోయినా ఒకటి దక్కిందని అందరం చప్పట్లు కొట్టాం. మేడమ్ కూడా నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు.

తర్వాత తాడు తెగలేదు. ఆజ్ఞ మీద ఆజ్ఞ ఇచ్చినా బెలూన్ తూర్పుకే పోయింది. ఖమ్మం దాటింది, కొత్తగూడెం దాటింది. ఇక గోదావరి దాటుతుందనుకునే వేళకు తెగింది. పెట్టె ఎక్కడ దిగిందో చివరి కబురు రాలేదు. పాల్వంచకూ భద్రాచలానికీ నడుమ అడవిలో ఎక్కడో అన్నంతవరకే తెలుసు.

మా ఇన్‌ఛార్జి సారు, నేను, మేడమ్ జీపెక్కాం. నాది ఆ ప్రాంతమే కాబట్టి నన్ను ముందు కూర్చోబెట్టారు. ఏన్కూరు దగ్గర చాయ్‌కి ఆగినప్పుడు ఊరికే ఉండలేక అడిగాను.

"మేడమ్, ఆ పైన అసలు ఏముంటది?"

"ఏమీ ఉండదు, దాదాపుగా. నక్షత్ర మండలాల మధ్యనైతే ఒక బీరువా అంత చోటులో ఒక అణువు ఉంటే గొప్ప."

"దాదాపుగా అంటే?"

"ఆ దాదాపు కోసమే నా బతుకంతా పోయింది" అని చాయ్ గ్లాసు కింద పెట్టింది. సరదాగా అన్నదో బాధగా అన్నదో నాకు అర్థం కాలేదు.

ఇన్‌ఛార్జి సారుకు మాత్రం దిగులే లేదు. ఆయన ఈసారి పెట్టెకు కొత్తగా ఒక బీపర్ బిగించాడు. అంతకుముందు ఒకసారి జొన్నచేలో చేతికందే దూరంలో ఉన్న పెట్టె కనబడక పొద్దంతా తిరిగాం, ఆ రోషంతో పెట్టిందది. నేలకు తగలగానే సన్నగా కూత మొదలవుతుంది. బ్యాటరీ తగ్గేకొద్దీ కూతకూ కూతకూ మధ్య ఎడం పెరుగుతుంది, అట్లా చాలాసేపు బతుకుతుంది. పైన చలికి పరికరం గడ్డకట్టకుండా లోపల హీటరు కూడా ఉంది. చెవులుంటే చాలయ్యా, దొరికిపోతుంది అని దారి పొడుగునా అంటూనే ఉన్నాడు.

పాల్వంచలో లాడ్జి దిగాం. కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కిటికీలోంచి కనిపిస్తాయి. షిఫ్టు బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. మేడమ్ కిటికీ గట్టు మీద తొడుగు వేలితో గీసి, దానికంటిన బూడిదను వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. సూక్ష్మదర్శినిలో పెడితే ఇదీ, తను వెతికేదీ ఒక్కలాగే గుండ్రటి గింజల్లా కనిపిస్తాయట. ఏది పొయ్యిలోదో ఏది పైదో చెప్పడానికి నెలలు పడుతుందట. గిన్నె మూత బయట తెరిచి ఉంటే చాలు, అంతా కలిసిపోతుందని చెప్పి వేలు తుడుచుకుంది.

అడవిలో వెతకడం మొదలుపెట్టాం. అది ఇప్పపూల కాలం. పూలు రాలేముందు చెట్ల కింది ఆకులు ఊడ్చి కాలుస్తారు, నేల నున్నగా నల్లగా అవుతుంది. ఎటు చూసినా నేలబారున పొగ, ఆ పొగలో తీపి వాసన. పక్షి అరుపు లేదు. ఆగి చెవులు రిక్కిస్తే మన ఊపిరే మనకు వినబడుతుంది. ఎక్కడో సన్నని కూత విన్నట్టుండేది, నడిచి పోతే ఏమీ ఉండేది కాదు. ఇన్‌ఛార్జి సారు అటు అనేవాడు, నేను ఇటు అనేవాణ్ణి. మర్నాడు కూడా అంతే. సాయంత్రానికి ఆకాశం మబ్బు పట్టింది. అకాల వర్షాలని రేడియోలో చెప్పారు. మేడమ్ మాటిమాటికీ మబ్బు వైపు చూస్తోంది.

మూడో నాడు దారిలో ఒక వారపు అంగడి తగిలింది. చింతపండు, ఎండుమిరప, ఇప్పపూల గంపలు. కనిపించినవాళ్లందరినీ అడిగాను, పెద్ద తెల్లగుడ్డతో పెట్టె ఏమన్నా పడ్డదా అని. గంపల దగ్గర కూర్చున్న ఒకాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"పెట్టెనా? పెట్టె సంగతి తెల్వదు. గా వాగు అవతలి గూడెంల ఒక పసిబిడ్డ సచ్చిపోయిందంట. ఆకాశంకెళ్లి వచ్చిందంట. గందుకే ఆ ఊరోళ్లు ఇయ్యాల అంగడికి రాలే."

ఇన్‌ఛార్జి సారు ముఖం చూశాను, ఆయన రంగు మారింది. మా ఇద్దరికీ ఒకటే అనుమానం. పెట్టె ఎవరి గుడిసె మీదనో పడింది, లోపల పసిబిడ్డ ఉంది. ఇన్నేళ్ల సర్వీసులో మేం భయపడింది అదే. మేడమ్ ఏమీ అడగలేదు, పోయి జీపులో కూర్చుంది.

వాగు దాటి గూడెం చేరేసరికి పొద్దు ఇంకా బాగానే ఉంది. కోయవాళ్ల గూడెం, కొద్దిపాటి ఇళ్లు. నాకు ముందు కనిపించింది నేల. ఇప్పచెట్ల కింద పూలు చాప పరిచినట్టు రాలి పడి ఉన్నాయి, ఒక్కటీ ఎత్తలేదు. తొక్కితే కాలి కింద మెత్తగా నలుగుతున్నాయి. ఏడాదిలో చేతికి పని దొరికే ఆ నాలుగు వారాల్లో పూలు ఏరకుండా వదిలేశారంటే ఊళ్లో చావు జరిగినట్టే. ఒక చెట్టుకు మా పారాచూట్ తాళ్లు చుట్టచుట్టి వేలాడుతున్నాయి. జనం ఇళ్ల ముందు కూర్చుని ఉన్నారు. ఎవరూ లేచి రాలేదు, ఎవరూ లోపలికి పోలేదు.

ఊరి పెద్దాయన మంచం మీద నుంచి కాళ్లు కిందికి దించాడు. నేను దండం పెట్టి, ఎవరు చనిపోయిండ్రని అడిగాను.

"మీదే" అన్నాడు.

ఆయన చెప్పింది వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరి మీదా ఏమీ పడలేదు. ఒక ఇంటామె తెల్లారి పూలు ఏరబోతే చెట్టు కింద తెల్లగుడ్డ, గుడ్డలో పెట్టె. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. సన్నగా ఏడుస్తోంది. ఎత్తుకుని ఇంటికి తెచ్చింది. ఊరంతా వచ్చి చుట్టూ కూర్చుంది. పొద్దెక్కేకొద్దీ ఏడుపు తగ్గింది. ఒకసారి ఏడ్చి చాలాసేపు ఊరుకునేది, ఇక అయిపోయిందనుకుంటే మళ్లీ ఒకసారి ఏడ్చేది. మర్నాటికి వెచ్చదనం పోయింది. పొద్దు గుంకేముందు ఆఖరిసారి ఏడ్చి ఆగిపోయింది.

ఇన్‌ఛార్జి సారు నుదురు పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. పాపం, తన బీపర్ పనిచేసిందని సంతోషించాలో ఏం చేయాలో తెలీలేదు.

"అది మిషన్ తాతా" అన్నాను నేను. "కాగితం అంటించి ఉంది గదా, ఠాణాల చెప్పమని."

"మిషనని మాకు తెల్వదా? మా పోరగాండ్ల దగ్గర సెల్లుల్లేవా?" పెద్దాయనకు కోపం వచ్చింది. "ఠాణాకు మేమెందుకు పోతం, పోతే ఎట్లుంటదో నీకు తెల్వదా? గదంత సరే. వెచ్చగ వచ్చింది, మా నడుమ ఏడ్చింది, మా చేతులల్ల ఆగింది. మా ఊళ్లె ఆగినదాన్ని పెంట మీద పారేస్తమా? ఏం చెయ్యాల్నో అది చేసినం."

చేయవలసింది అంటే ఏమిటో ఆయన చెయ్యి చాపి చూపించాడు. మాట రాని పసిబిడ్డ పోతే ఊరవతలికి తీసుకుపోరు. ఇంటి చూరు కింద, వాన నీళ్లు కారి పడే చోట పూడుస్తారు. పెట్టెను ఆ ఇంటామె చూరు కింద పూడ్చి, పైన ఒక రాయి పెట్టారు.

చూరు కింద, వాన నీళ్లు పడే చోట! మేడమ్ తలెత్తి మబ్బును చూసింది. గాలి అప్పటికే తడిగా ఉంది. మూసిన గిన్నె మట్టిలో ఉన్నా పర్వాలేదు, నీళ్లు చేరితే మూత సందులోంచి లోపలికి దిగుతాయి. వాన రాకముందే బయటికి తీయాలి.

ఇన్‌ఛార్జి సారు గట్టిగా మాట్లాడబోయాడు. అది గవర్నమెంటు ఆస్తి, తవ్వి తీసుకుపోతాం అన్నాడు. పెద్దాయన ఆయన్ని చూడకుండానే అడిగాడు.

"గవర్నమెంటుకు పిల్లలుంటరా? దాని తల్లెవరో చెప్పున్రి. తల్లి వస్తే ఇస్తం."

మేడమ్ ముందుకు వచ్చింది. టోపీ తీసింది.

"నేనే" అంది.

ఆడవాళ్లు లేచి వచ్చారు. ఆమెను చాప మీద కూర్చోబెట్టి, చేతికి నీళ్లిచ్చి, చుట్టూ కూర్చున్నారు. ఒక ముసలామె కోయ మాటల్లో ఏదో రాగం తీసి ఏడ్వడం మొదలుపెట్టింది, మిగతావాళ్లు అందుకున్నారు. ఆ పొగ, ఆ తీపి వాసన, నేలంతా ఎవరూ ఎత్తని పూలు. నడుమ మా ఆఫీసు గుర్తింపు కార్డు మెడలో వేసుకుని మేడమ్. ఆమె మొదట ఊరికే కూర్చుంది. కాసేపటికి భుజాలు కదిలాయి. తర్వాత ఆమె కూడా ఏడ్చింది, వాళ్లందరికన్నా గట్టిగా. పని జరగాలని ఏడ్చిందేమోనని నేను అనుకున్నాను. కానీ పెద్దాయన సరే అన్న తర్వాత కూడా ఆమె ఆపలేకపోయింది.

ఇంటామె గడ్డపార తెచ్చింది. పాతికేళ్లు దాటని మనిషి. రాయి పక్కకు జరిపి, ఇక చేతులతోనే తవ్వడం మొదలుపెట్టింది. మేడమ్ పక్కన కూర్చుని చేతి తొడుగులు లాగేసింది. ఆమె వట్టిచేతులు నేను చూడటం అప్పుడే. ఇద్దరూ కలిసి మట్టి తీశారు. పారాచూట్ గుడ్డలో చుట్టిన పెట్టె బయటపడింది. మేడమ్ గుడ్డ విప్పి చూసింది. మొదటి గిన్నె గట్టిగా మూసి ఉంది. రెండోది నోరు తెరిచి ఉంది, లోపల తెల్లగా ఏదో ఎండిపోయి ఉంది.

"ఇదేంటమ్మా?" అంది మేడమ్.

"పాలు. మేకపాలు" అంది ఇంటామె. "ఆకలికి ఏడుస్తాందనుకున్న. నోరు తెరిచే ఉండె. నాలుగు సుక్కలు పోసిన. తాగలే."

మేడమ్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అటు తిరిగాను.

ఇంటామె ఆమెనే చూస్తూ అడిగింది. "లోపల ఏముండె అక్కా?"

"ధూళి. దుమ్ము. పైన చుక్కల నడుమ ఉండేది."

"అంటే బూడిదనా?"

మేడమ్ ఆలోచించి, "అవును. అందులో కొంత అంతే. చచ్చిపోయిన చుక్కల బూడిద" అంది. ఇంటామె ఆ మాట కోయలో పెద్దాయనకు చెప్పింది. ఆయన తల ఊపి మా ఇన్‌ఛార్జి సారు వైపు చూశాడు. మేం చేసింది తప్పెట్లయితది అన్నట్టుంది ఆ చూపు.

పెట్టె ఎత్తుతుంటే పెద్దాయన ఆపాడు. పూడ్చిన గుంతను ఉత్తగా వదలకూడదట. ఒకసారి పెట్టినంక తీసేస్తే, ఉత్త గుంత ఇంకొకల్ల కోసం చూస్తదన్నాడు. ఇన్‌ఛార్జి సారు పారాచూట్ గుడ్డ పెట్టేద్దామన్నాడు. గుడ్డ కాదు, దాని కడుపులోది ఏదన్నా ఉండాలె అన్నాడాయన.

ఇన్‌ఛార్జి సారు విసుక్కున్నాడు గానీ నేను విసుక్కోలేదు. మా నాన్న బాయిలో బొగ్గు తీసిన చోటల్లా గోదావరి ఇసుక తెచ్చి నింపేవాళ్లు. నింపని రోజున ఆయన అన్నం సరిగా తినేవాడు కాదు. కింద ఖాళీ పెట్టి వచ్చినం, కప్పు ఊకోదు అనేవాడు. కప్పు కూలి ఎవరో ఒకరు పోయాక తెల్లారే ఇసుక వచ్చేది. ఖాళీ అంటే ఏమీ లేకపోవడం కాదని నాకు చిన్నప్పుడే తెలుసు.

మేడమ్ ఇంటామెను ఒక్క మాటే అడిగింది. "ఇక్కడే ఎందుకు పెడతారు, ఈ చూరు కింద?"

"వాన పడ్డప్పుడల్లా చూరు నీళ్లు దాని మీద పడాలె. గట్ల పడితే దాని తల్లికి ఇంకో బిడ్డ అయితది. నీ మొకం మేం చూడలే. ఎవరో ఒకామె ఎక్కడ్నో ఏడుస్తుంటది గదా అని పెట్టినం."

మేడమ్ పెట్టెను ఒళ్లోకి తీసుకుంది. పానాతో మరలు విప్పి ఆ తెరిచిన గిన్నెను ఊడదీసింది. ఇన్వెంటరీలో ఏం రాయాలి మేడమ్ అని ఇన్‌ఛార్జి సారు మొత్తుకున్నాడు. పాలు పడ్డాయి సార్, దీన్ని ల్యాబ్‌లోకి తీసుకుపోతే రెండోదీ పాడవుతుంది అని ఆమె అంది. మాట శాస్త్రంగానే ఉంది. కానీ గిన్నెను గుంతలో పెట్టేటప్పుడు పసిబిడ్డను పడుకోబెట్టినట్టు ఒక చెయ్యి కింద ఉంచి దించింది. ఇద్దరూ మట్టి కప్పారు, రాయి పెట్టారు. మేం జీపెక్కుతుండగా మొదటి చినుకులు పడ్డాయి. వెనక్కి చూస్తే ఇంటామె చూరు కింద నిలబడి ఉంది. ఆడవాళ్లు గంపలతో ఇప్పచెట్ల వైపు పరుగెత్తుతున్నారు.

మూసిన గిన్నెను హైదరాబాదులో ధూళి లేని గదిలో తెరిచారు. అద్దం బయట నిలబడి చూశాను. మేడమ్ మూత తీసింది, పళ్లాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టింది. కదలకుండా చూస్తూనే ఉంది. ఇంకొకాయన చూశాడు. మళ్లీ ఆమె చూసింది. పళ్లెం పూసిన రోజున ఎట్లా ఉందో అట్లాగే ఉంది. గింజ అన్నది లేదు.

మూత మూసుకోలేదు. అసలు తెరుచుకోనే లేదు. పై చలికి బిగుసుకుపోయి, నేల నుంచి పోయినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే తిరిగొచ్చింది. తెర మీద మూసి ఉందని కనిపిస్తే మేం చప్పట్లు కొట్టాం. మూత తెరుచుకున్న వార్త వచ్చిందా అని ఎవరం అడగలేదు. మూసి ఉందంటే దక్కిందనే అనుకున్నాం. మీరు రేపు ఏ ఉద్యోగంలో ఉన్నా, తెర మీద మీకు నచ్చిన మాట కనిపించినప్పుడు నా మాట ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

అంటే ఆకాశం నుంచి వచ్చిందేదైనా ఉంటే అది పాలు పోసిన గిన్నెలోనే ఉంది. ఇన్‌ఛార్జి సారు వెంటనే జీపు తీద్దామన్నాడు. పాలను కడిగేయొచ్చు, మట్టిని వేరు చేయొచ్చు, నెలలు పడితే పడనీ అన్నాడు. ఆ మాట నిజమేనని మేడమ్‌కూ తెలుసు.

"వద్దు సార్" అంది. "నేను తల్లినని చెప్పి తవ్వాను. రెండోసారి తవ్వితే నేను ఎవరినని చెప్పాలి?"

కమిటీ ముందు ఆమె దోషిలా కూర్చుంది. ఏమీ లేని పళ్లెం కోసమా ఇంత ఖర్చు అని అడిగారట. ఆమె ప్రాజెక్టు మూసేశారు, గది కూడా వేరేవాళ్లకు ఇచ్చేశారు. ఏడాది తిరక్కుండా జుట్టు సగం తెల్లబడింది. నా రిటైర్మెంట్ రోజు వచ్చి దండ వేసి వెళ్లిపోయింది. నాకు చాలా బాధగా ఉండేది. గూడెంలో ఆమెను ఆపి ఉంటే అని అనుకుంటాను, ఆపకపోవడమే మంచిదైందని కూడా అనుకుంటాను. ఇప్పటికీ ఏదీ తేలలేదు.

మొన్న శ్రావణంలో పాల్వంచలో మా చెల్లెలి ఇంటికి పోయినప్పుడు మేడమ్ ఫోన్ చేసింది. ఇంకో పెట్టె ఒప్పుకున్నారని చెప్పింది. ఎవరు ఒప్పుకున్నారు, ఎట్లా ఒప్పుకున్నారో ఆమెకే అర్థం కాలేదట. మూసేసిన ఫైలును పైనెవరో అడిగి తెప్పించుకున్నారట. మర్నాడు నేను ఊరికే ఉండలేకపోయాను. గూడెం దాకా ఆటో మాట్లాడుకుని పోయాను.

వాన అప్పుడే వెలిసింది. ఆ ఇంటి ముందు నిలబడ్డాను. రాయి అక్కడే ఉంది, చూరు నీళ్లు పడీ పడీ దాని చుట్టూ మట్టిలో చిన్న గుంట పడింది. చూరు నుంచి చుక్కలు ఇంకా పడుతున్నాయి. ఒకటి పడేది, కాసేపటికి ఇంకొకటి. ఎడం పెరుగుతూ పోయింది. అయిపోయిందనుకుంటే మళ్లీ ఒకటి పడేది. ఆ పెట్టె ఏడుపు నేను ఎన్నడూ వినలేదు, ఆ గూడెంవాళ్లే విన్నారు. అయినా దాన్ని గుర్తుపట్టాను.

ఇంటామె బయటికి వచ్చి నన్ను ఆనవాలు పట్టింది. ఆ అక్క బాగున్నదా అని అడిగింది. బాగుందని, ఇంకో పెట్టె చేయమన్నారని, మళ్లీ పైకి పంపుతుందని చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆమె రాయి మీద అంటుకున్న ఆకును కాలివేలితో పక్కకు జరిపింది.

"కాదా మరి?" అంది. "రెండేండ్ల సంది వాన బాగనే పడె గదన్నా."